సికిల్ సెల్ పేపర్లు ఎక్కడ ఆగిపోతున్నాయి? స్పెషాలిటీ మెడికల్ జర్నల్ బాగుపడటంలో అసలు చిక్కు

క్లుప్తంగా

మెడికల్ జర్నల్ క్వాలిటీ అనగానే అందరూ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్ పేపర్లని మిగతా పేపర్లలో సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే లెక్క) గురించే మాట్లాడతారు, కానీ అది చివర్లో బయటపడే అంకె మాత్రమే. పేపర్ లోపలికి వచ్చేటప్పుడు ఎడిటర్ ఏం అడుగుతున్నాడు, రివ్యూలో ఎవరు ఏం చూస్తున్నారు, ఆ డేటా ఏ ఊళ్ళో ఎలా పోగుచేశారు అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. దక్షిణ ఒడిశా, మహారాష్ట్రలోని గడ్చిరోలి లాంటి సరిహద్దు జిల్లాల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) కేసులు ఎక్కువ, వాటి మీద పేపర్లు కూడా వస్తూనే ఉన్నాయి, అయినా పనికొచ్చే సమాచారం తక్కువ. దానికి ప్రమోషన్ రూల్స్, రివ్యూయర్ల కొరత, రాష్ట్రం దాటిపోయే పేషెంట్లు అన్నీ కలిసి కారణం.

లిస్టుల గోల

బరంపురం, కోరాపుట్ మెడికల్ కాలేజీల్లో చదివే, పనిచేసే తెలుగు డాక్టర్లని ఈ మధ్య తికమక పెడుతున్న ప్రశ్న ఒకటే, ఏ జర్నల్‌కి పంపితే లెక్కలోకి వస్తుంది అని. యూజీసీ 2019లో తెచ్చిన, తను గుర్తించే జర్నల్స్ పేర్లుండే కేర్ లిస్టుని 2025 ఫిబ్రవరిలో ఆపేసింది, దాంతో చాలామంది ఇక లిస్టు అనేదే లేదనుకున్నారు. కానీ మెడికల్ టీచర్ల సంగతి వేరు. వాళ్ళకి ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) రూల్స్ వర్తిస్తాయి, 2022లో ఇచ్చిన రూల్స్‌లో మెడ్‌లైన్, పబ్‌మెడ్ సెంట్రల్, ఎంబేస్, స్కోపస్, డీఓఏజే లాంటి ఇండెక్సుల (జర్నల్స్‌ని నమోదు చేసుకునే జాబితాల) పేర్లిచ్చారు. రెండిటినీ కలిపేసి మాట్లాడుకోవడం వల్లే సగం గందరగోళం.

మిగతా సగం పబ్‌మెడ్ అనే పేరు చుట్టూ ఉంది. పబ్‌మెడ్ అంటే వెతుక్కునే సైట్, అంతే. అందులో మెడ్‌లైన్ అనేది ఒక కమిటీ చూసి ఏరిన జర్నల్స్ జాబితా, పబ్‌మెడ్ సెంట్రల్ అనేది పూర్తి పేపర్లు దాచే చోటు. ఒక జర్నల్‌లో పేపర్ వేసిన ఎవరికో అమెరికా ప్రభుత్వ గ్రాంట్ ఉండి, ఆ ఒక్క పేపర్ పబ్‌మెడ్ సెంట్రల్‌లోకి ఎక్కినా, ఆ జర్నల్ పేరు కొట్టి వెతికితే పబ్‌మెడ్‌లో ఏదో ఒకటి కనిపిస్తుంది. దాన్ని చూపించి "పబ్‌మెడ్ ఇండెక్స్‌డ్" అని మెయిళ్ళు పంపే జర్నల్స్‌కి లోటు లేదు.

ఇక 2025 జనవరి నుంచి, ప్రభుత్వమే జర్నల్స్‌కి చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది, మూడేళ్ళకి 6,000 కోట్ల రూపాయలు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్. ప్రభుత్వ కాలేజీలో ఉన్నవాళ్ళకి చదువుకోవడానికి ఇది మంచి సౌకర్యమే. కాకపోతే ఇది ప్రధానంగా చదవడానికి పెట్టిన ఖర్చు, ఇక్కడి జర్నల్స్‌ని బాగుచేయడానికి పెట్టింది కాదు.

పేపర్ ఎందుకు పుడుతోంది

ఏ జర్నల్ అయినా తనకి వచ్చిన పేపర్లలోంచే ఏరుకోవాలి, కాబట్టి ముందు ఆ పేపర్లు ఎందుకు పుడుతున్నాయో చూడాలి. పీజీ స్టూడెంట్ థీసిస్ రాయాలి, దాంతోపాటు ఒక పోస్టర్, ఒక పేపర్ చదవడం, ఒక పేపర్ పబ్లికేషన్‌కి పంపడం అనే రూల్ చాలా ఏళ్ళు నడిచింది. టీచర్లకి ప్రమోషన్ కావాలంటే పేపర్లుండాలి. మొదట్లో ఫస్ట్ ఆథర్‌కే లెక్క ఉండేది, తర్వాత మార్చి మార్చి మొదటి ముగ్గురికీ, కరెస్పాండింగ్ ఆథర్‌కీ (జర్నల్‌తో ఉత్తరాలు నడిపే ఆథర్) ఇచ్చారు. రూల్ పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే, రీసెర్చ్ అంటే నలుగురు కలిసి చేసే పని కదా. కానీ జరిగేది ఏంటంటే రెండో స్థానం, మూడో స్థానం ఎవరికి ప్రమోషన్ దగ్గరపడిందో వాళ్ళకి పోతుంది, డేటా తెచ్చిన జూనియర్ నాలుగోవాడు అవుతాడు.

ఇలా పుట్టిన పేపర్‌కి ఒక డెడ్‌లైన్ ఉంటుంది గానీ ఒక ప్రశ్న ఉండదు. ఆరు నెలల్లో వార్డులోకి వచ్చిన 60 మంది సికిల్ సెల్ పేషెంట్లు, వయసు, ఆడా మగా, హిమోగ్లోబిన్ ఎంత, నొప్పి ఎక్కడ, ఎన్నిసార్లు రక్తం ఎక్కించారు, టేబుల్ ఒకటి టేబుల్ రెండు, అయిపోయింది. అందులో తప్పేమీ ఉండకపోవచ్చు, కానీ పక్క జిల్లాలో ఇదే పేపర్ ముందే వచ్చి ఉంటుంది. హెమటాలజీ (రక్త సంబంధ జబ్బులు) లాంటి స్పెషాలిటీ జర్నల్ ఎడిటర్ టేబుల్ మీదకి ఇలాంటివి కుప్పలుగా వస్తాయి, వాటిలో నిజంగా కొత్త సంగతి ఉన్నది ఎక్కడో మధ్యలో ఇరుక్కుపోతుంది. ఆ మంచి పేపర్ రాసినవాళ్ళు కూడా ఆలస్యం చూసి, వీలైతే ముందు విదేశీ జర్నల్‌కే పంపుతారు, అక్కడ కాదంటేనే ఇటు వస్తారు. అంటే ఇక్కడి జర్నల్‌కి అందేది చాలాసార్లు రెండో విడత సరుకే.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్క లోపల

ఇది యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో చెప్పిన ఆలోచన, 1975 నుంచి ఏటా రిపోర్టుగా వస్తోంది. లెక్క తేలికే. గత రెండేళ్ళలో ఒక జర్నల్ వేసిన పేపర్లని ఈ ఏడాది ఎన్నిసార్లు ఉదహరించారో చూసి, దాన్ని ఆ రెండేళ్ళ పేపర్ల సంఖ్యతో భాగిస్తారు. మెలిక భాగించే చోట ఉంది. కింద లెక్కపెట్టేది రీసెర్చ్ పేపర్లని, రివ్యూ వ్యాసాలని మాత్రమే, పైన మాత్రం ఎడిటోరియల్స్‌కి, లెటర్లకి వచ్చిన ఉదహరింపులు కూడా కలుస్తాయి.

చిన్న జర్నల్‌కి ఈ లెక్క ఎంత ఊగుతుందో ఒక ఊహా ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. రెండేళ్ళలో 100 పేపర్లు, 150 ఉదహరింపులు అనుకుంటే 1.5 వస్తుంది. ఆ 150లో 60 ఒక్క రివ్యూ వ్యాసానికే వచ్చాయనుకుందాం, అది రెండేళ్ళ కిటికీ దాటిపోగానే, మిగతావన్నీ అలాగే ఉన్నా అంకె 0.9 దగ్గరికి జారిపోతుంది. క్లాసులో ఒకడికి 98 వచ్చి మిగతావాళ్ళకి ముప్పైలు వచ్చినప్పుడు సగటు చూసి స్కూలు బాగుందనుకోవడం లాంటిదే ఇది.

ఈ లెక్క తెలిసిన ఎడిటర్‌కి దొడ్డిదారులు చాలానే కనిపిస్తాయి. రివ్యూ వ్యాసాలు పెంచడం, కేస్ రిపోర్టులు ఆపేయడం, మా జర్నల్ పేపర్లు నాలుగు చేర్చండి అని ఆథర్లకి చెప్పడం. మూడోది శ్రుతిమించితే ఈ లెక్క వేసే కంపెనీ క్లారివేట్ ఆ ఏడాదికి జర్నల్‌ని లెక్కలోంచే తీసేస్తుంది. మొదటిది కొంతవరకు న్యాయమే. రెండోదే స్పెషాలిటీ జర్నల్‌కి ఎక్కువ నష్టం, ఎందుకంటే సికిల్ సెల్ జబ్బు వైద్య సాహిత్యంలోకి ఎక్కిందే ఒక్క పేషెంట్ కథతో, 1910లో షికాగోలో జేమ్స్ హెరిక్ రాసిన కేస్ రిపోర్టుతో. సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మలేరియా మీద చేసిన పని గురించి 1897 డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ వేసిన పేపర్ పేరులోనే రెండు దోమలు అని ఉంటుంది. చిన్నది కాబట్టి పనికిరాదు అనే రూల్ ఉంటే ఆ రెండూ బయటికి వచ్చేవి కావు. అలాగని ప్రతి కేస్ రిపోర్టూ వేసేయమని కాదు, కేర్ అనే పేరుతోనే 2013లో వచ్చిన కేస్ రిపోర్టుల చెక్‌లిస్ట్ ఉంది (యూజీసీ లిస్టుతో దీనికి సంబంధం లేదు), దాని ప్రకారం ఏం కొత్తగా ఉందో మొదటి పేరాలో చెప్పలేకపోతే ఆపేయొచ్చు.

రివ్యూలో ఏం పట్టుబడుతుంది, ఏం జారిపోతుంది

ఇద్దరు రివ్యూయర్లు ఓకే అన్నారు అంటే పేపర్ పక్కా అని బయట ఒక నమ్మకం. దీన్ని పరీక్షించి చూసినవాళ్ళు ఉన్నారు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ వాళ్ళు ఒక పేపర్‌లో కావాలని 8 లోపాలు పెట్టి 420 మంది రివ్యూయర్లకి పంపారు, 221 మంది నుంచి రివ్యూ వచ్చింది, సగటున ఒక్కొక్కళ్ళు పట్టుకున్నది 2. ఈ ఫలితం 1998లో జామా అనే అమెరికన్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. రివ్యూయర్‌కి ఆథర్ పేరు దాచినా, రివ్యూయర్ చేత సంతకం పెట్టించినా పెద్ద తేడా రాలేదు.

పేరు దాచడం గురించి ఇంకో మాట. చిన్న ఫీల్డ్‌లో అది నామమాత్రమే. "దక్షిణ ఒడిశాలో గిరిజన జిల్లాలోని ఒక బోధనాసుపత్రి" అని మెథడ్స్‌లో ఉంటే అది ఎవరి డిపార్ట్‌మెంటో రివ్యూయర్‌కి వెంటనే తెలిసిపోతుంది, ఉన్నవే ఒకటో రెండో కాబట్టి.

మరి ఏది పనిచేస్తుంది? ఒకే రివ్యూయర్ అన్నీ చూడాలనుకోకుండా పని పంచడం. స్పెయిన్‌లో మెడిసినా క్లినికా అనే జర్నల్‌లో ట్రయల్ చేసి చూశారు, మామూలు రివ్యూయర్లకి తోడుగా స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ళని ఒకళ్ళని కలిపితే పేపర్ క్వాలిటీ పెరిగిందని 2007లో తేలింది. మన దగ్గర జిల్లా మెడికల్ కాలేజీల్లో కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంట్లో స్టాటిస్టిక్స్ చూసేవాళ్ళు ఉంటారు, వాళ్ళని ఎడిటోరియల్ బోర్డులోకి తీసుకోవడం చాలా తక్కువ, బోర్డులో ఎక్కువగా ఉండేవి పెద్ద పెద్ద పదవుల పేర్లే.

దానికంటే ముందు జరగాల్సింది ఎడిటర్ దగ్గరే, వారం పది రోజుల్లో. ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబర్ ఉందా, ఆ రిజిస్ట్రేషన్ మొదటి పేషెంట్‌ని తీసుకోకముందు చేసిందా, తర్వాత తీరిగ్గా చేసిందా? ఆ రిజిస్ట్రీ 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి తప్పనిసరి అయింది, తేదీలు ఎవరైనా చూసుకోవచ్చు. ఎథిక్స్ కమిటీ అనుమతి తేదీ స్టడీ మొదలుపెట్టిన తేదీ కంటే ముందుదా? ఇవి చూడటానికి రివ్యూయర్ అక్కర్లేదు, ఒక ట్రెయినింగ్ ఉన్న ఆఫీస్ అసిస్టెంట్ చాలు. ఇక్కడే కాదనాల్సినవి కాదంటే, ఓపీలో వందమందిని చూసి ఇంటికొచ్చి రాత్రి పది తర్వాత ఉచితంగా రివ్యూ రాసే డాక్టర్ టైమ్ మిగులుతుంది. రివ్యూయర్లు దొరకట్లేదు అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే, అసలు పంపకూడని పేపర్లు కూడా వాళ్ళకి పంపడం.

స్పెషాలిటీ జర్నల్‌కి పెద్ద జర్నల్స్ దగ్గర లేని బలం ఒకటుంది, తన జబ్బు తనకి తెలుసు. ట్రయల్స్‌కి కన్సార్ట్ చెక్‌లిస్ట్, సర్వే లాంటి స్టడీలకి స్ట్రోబ్ అందరూ వాడతారు, కానీ అవి సికిల్ సెల్ గురించి ఏమీ అడగవు. ఇక్కడ అడగాల్సినవి వేరు. సాల్యుబిలిటీ టెస్టుతో ఆపేశారా? ఆపేస్తే జబ్బు ఉన్నవాళ్ళకీ, కేవలం వాహకులకీ తేడా తెలియదు, హిమోగ్లోబిన్ రకాలని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ ఉండాలి. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించారా? ఎక్కించి ఉంటే రిపోర్టులో కనిపించే హిమోగ్లోబిన్‌లో కొంత వేరేవాళ్ళది. బీటా తలసీమియా (హిమోగ్లోబిన్ తక్కువగా తయారయ్యే ఇంకో వంశపారంపర్య జబ్బు) కూడా కలిసి ఉందా? ఒడిశాలో ఇది చిన్న విషయం కాదు. పిండ దశ హిమోగ్లోబిన్ ఎంత శాతం? మన దగ్గరి సికిల్ సెల్‌లో ఎక్కువగా కనిపించే అరబ్-ఇండియన్ రకంలో ఇది ఎక్కువగా ఉంటుంది, జబ్బు తీవ్రత దాని మీద ఆధారపడుతుంది. ఈ నాలుగు ప్రశ్నలకి జవాబు లేని పేపర్‌ని వెనక్కి పంపితే, ఏడాదికి వేసే పేపర్లు తగ్గొచ్చు, ఉన్నవాటిని మాత్రం తర్వాత ఎవరైనా కలిపి లెక్కవేయగలుగుతారు.

ఈ హిమోగ్లోబిన్ తేడా వల్లే ఇక్కడి డేటా ఇక్కడే తయారు కావాలి. సికిల్ సెల్‌కి వాడే హైడ్రాక్సీయూరియా అనే మందు పనిచేస్తుందని అమెరికాలో పెద్దవాళ్ళ మీద చేసిన ట్రయల్ 1995లో వచ్చింది, ఆఫ్రికా పిల్లల మీద నాలుగు దేశాల్లో చేసిన ఫలితం 2019లో వచ్చింది. రెండూ న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లోనే. రాయగడ పిల్లవాడికి ఎంత డోసు, ఎంతకాలం, పీహెచ్‌సీలో రక్తపరీక్ష ఎన్నాళ్ళకోసారి కుదురుతుంది అన్నదానికి వాటిలో నేరుగా జవాబు దొరకదు.

రాష్ట్రం దాటితే లెక్క తప్పుతుంది

బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ 1962 నుంచి ఉంది, పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు మీద. కోరాపుట్ కాలేజీ 2017లో వచ్చింది. అయినా రాయగడ, గుణుపురం, జయపురం వైపు నుంచి చాలామంది పేషెంట్లు రైలెక్కి విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి పోతారు, ఇది అక్కడివాళ్ళకి కొత్తేమీ కాదు, చుట్టాలు అటే, భాషా అటే. అటు గడ్చిరోలి జిల్లాలో సిరోంచ వైపువాళ్ళు నది దాటి తెలంగాణలోకి వస్తారు. దీనివల్ల రీసెర్చ్‌కి రెండు దెబ్బలు. ఒడిశా ఆసుపత్రిలో ఆ పేషెంట్ ఫాలోఅప్‌కి రాలేదు అని రాసుకుంటారు, బతికున్నాడో లేదో తెలియదు. ఆంధ్రా ఆసుపత్రిలో అతన్నే కొత్త కేసుగా రాస్తారు. రెండు చోట్ల నుంచి రెండు పేపర్లు వస్తే అదే మనిషి రెండుసార్లు లెక్కలోకి వస్తాడు, తర్వాత ఎవరో రెండిటినీ కలిపి మెటా అనాలిసిస్ (చాలా స్టడీల అంకెలు కలిపి వేసే లెక్క) చేస్తారు. ఎడిటర్ అడిగితే తప్ప పేపర్‌లో ఇది ఎక్కడా కనపడదు.

భాష కూడా అంతే. గుణుపురం వైపు సవర, రాయగడలో కుయి, కోరాపుట్‌లో దేశియా, బజారులో తెలుగు, ఆఫీసులో ఒడియా. కన్సెంట్ ఫారం ఒడియాలో ఉంటుంది, నర్సు తెలుగులో చెబుతుంది, పక్కనున్న బంధువు దాన్ని కుయిలో వివరిస్తాడు, చివరికి పేపర్‌లో "స్థానిక భాషలో అంగీకారం తీసుకున్నాం" అని ఒక్క లైన్. నొప్పి ఎంత ఉంది, జీవన నాణ్యత ఎలా ఉంది అని ప్రశ్నావళితో చేసే స్టడీల్లో అయితే ఇది ఎథిక్స్‌తోనే ఆగదు, జవాబులే మారిపోతాయి. ఏ భాష, ఎవరు చెప్పారు, ముందుగా ఎంతమంది మీద ఆ ప్రశ్నలు వాడి చూశారు అనే మూడు వివరాలు తప్పనిసరి చేయడానికి జర్నల్‌కి పైసా ఖర్చు లేదు.

గడ్చిరోలిలో వేరేగా ఏం జరిగింది

మారుమూల కాబట్టి మంచి రీసెర్చ్ రాదు అనే వాదన గడ్చిరోలి విషయంలో నిలవదు. డాక్టర్ దంపతులు అభయ్ బంగ్, రాణి బంగ్ అక్కడ సెర్చ్ సంస్థ పెట్టి చేసిన పనిలో స్త్రీల జబ్బుల మీద పేపర్ 1989లో, పిల్లల న్యుమోనియా మీద 1990లో, ఇంటి దగ్గరే నవజాత శిశువుల సంరక్షణ మీద 1999లో లాన్సెట్‌లోనే వచ్చాయి. 1999 స్టడీలో 39 ఊళ్ళలో ఆ సేవ ఇచ్చి, 47 ఊళ్ళతో పోల్చారు, మూడో ఏడాదికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. 2011 నుంచి ఆశా కార్యకర్తలతో దేశమంతా ఆ పద్ధతి మొదలైంది.

తేడా ఆసుపత్రి సైజులో లేదు. వాళ్ళు ఊళ్ళో ఎన్ని కాన్పులు జరిగాయి, ఎన్ని చావులు జరిగాయి అని ముందు లెక్కపెట్టారు, అంటే కింద భాగించడానికి ఒక అంకె ఉంది. వార్డుకి వచ్చిన 60 మంది పేపర్‌లో లేనిది అదే, ఎంతమందిలో ఆ 60 మంది అని. ఇంకో సంగతి, ఆ ట్రయల్ వివరాలతో 2005లో జర్నల్ ఆఫ్ పెరినటాలజీ అనే స్పెషాలిటీ జర్నల్ ఏకంగా ఒక సప్లిమెంట్ వేసింది. పెద్ద జర్నల్ కొన్ని పేజీలకి మించి ఇవ్వదు, ఎలా చేశారో విడమరిచి రాసుకునే చోటు స్పెషాలిటీ జర్నలే ఇవ్వగలదు. మన జర్నల్స్ లాన్సెట్‌తో పోటీపడక్కర్లేదు, లాన్సెట్‌లో చోటు పట్టని ఆ మిగతా భాగాన్ని పట్టుకున్నా చాలు.

డబ్బు, టైమ్

డాక్టర్ల సొసైటీలు నడిపే జర్నల్స్‌లో చాలావరకు ఎడిటర్‌కి జీతం ఉండదు, సొసైటీ ఎన్నికలతో ఎడిటర్ మారిపోతాడు, కొత్తాయన మళ్ళీ మొదటి నుంచి. సంచికలు లేటవుతాయి, రెండు నెలలవి కలిపి వేస్తారు. ఇండెక్స్ చేసేవాళ్ళు చూసేవాటిలో టైమ్‌కి రావడం కూడా ఒకటి. ఆథర్ల దగ్గర ఫీజు తీసుకుని నడిపితే ఆ ఇబ్బంది పోతుంది, కానీ ప్రతి యాక్సెప్టెన్స్‌కీ డబ్బు వస్తుంటే కాదనడం కష్టమవుతుంది. వైలీ అనే పెద్ద పబ్లిషర్ కొన్న హిందావి జర్నల్స్‌లో స్పెషల్ ఇష్యూలు విపరీతంగా పెంచాక 2023 ఒక్క ఏడాదిలోనే 8,000 పైగా పేపర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, ఆ బ్రాండ్ పేరే వదిలేశారు. ఇక పేరున్న జర్నల్స్ కూడా డేటా అడగకపోతే ఏమవుతుందో 2020లో సర్జిస్ఫియర్ అనే డేటా కంపెనీ వ్యవహారం చూపించింది, దాని డేటాతో మే 22న లాన్సెట్‌లో వచ్చిన పేపర్ జూన్ 4కల్లా వెనక్కి పోయింది.

ఇకపై ఏం జరగొచ్చు

2023 జులై 1న మొదలైన నేషనల్ సికిల్ సెల్ మిషన్ కింద 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ళ లోపువాళ్ళు 7 కోట్ల మందిని స్క్రీన్ చేయాలని టార్గెట్ పెట్టారు, ఒడిశా, మహారాష్ట్ర రెండూ అందులో ఉన్నాయి. దీని మొదటి ప్రభావం ఊహించడం కష్టం కాదు, ఫలానా బ్లాకులో ఎంత శాతం అనే పేపర్లు వరదలా వస్తాయి. వాటన్నిటినీ వేసే జర్నల్‌కి సంచికలు నిండుతాయి గానీ ఉదహరింపులు పెద్దగా రావు. ఆ పేపర్లని ఒక పేజీ డేటా నోట్‌గా కుదించి, టేబుల్‌ని డౌన్‌లోడ్ చేసుకునేలా పెట్టి, పూర్తి చోటుని ఫాలోఅప్ స్టడీలకి ఉంచే జర్నల్ పరిస్థితి వేరుగా ఉంటుంది.

స్క్రీనింగ్‌లో దొరికిన పిల్లలకి ఇస్తున్న కార్డుల వల్ల బరంపురంలో చూసినా విశాఖలో చూసినా ఒకే మనిషి అని గుర్తుపట్టే అవకాశం ఉంది, పేరు బయటపెట్టకుండానే. కానీ ఐదేళ్ళ తర్వాత ఆ పిల్లల్లో ఎంతమంది మందు వాడుతున్నారు, ఎంతమంది ఆసుపత్రి పాలయ్యారు అని చెప్పే పేపర్ రావాలంటే, ఏం కొలుస్తారో ఇప్పుడే రాసి రిజిస్టర్ చేసి ఉండాలి. అలాంటి ప్రోటోకాల్‌ని ఫలితాలు రాకముందే రివ్యూ చేసి, ఫలితం ఎలా వచ్చినా వేస్తామని మాటిచ్చే పద్ధతి కొన్ని విదేశీ జర్నల్స్‌లో ఇప్పటికే నడుస్తోంది. రెండు రాష్ట్రాల ఆసుపత్రులు కలిసి పంపే ప్రోటోకాల్‌ని ఇక్కడి హెమటాలజీ జర్నల్ ఏదైనా అలా తీసుకుంటే, ఆ ఐదేళ్ళ పేపర్ విదేశీ జర్నల్స్ గడప తొక్కకుండా నేరుగా ఆ జర్నల్‌కే వస్తుంది.